నోటీసు గడువు ఎక్కడ దాక్కుంది?

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఈపాటికి అలిగే ఉంటావు, అలగవలసిందే. కొత్త కాంట్రాక్టుల సాఫ్ట్‌వేర్ బాధ్యత నీ మెడకు చుట్టారని రాశావు చూడు, అది చదవగానే ముందు నవ్వు వచ్చింది, ఆ వెంటనే జాలి వేసింది. రెండేళ్ల కిందట అదే గుదిబండను నా మెడలో వేశారు. అందుకే రెండు ముక్కల్లో తేల్చేయకుండా తీరిగ్గా రాయాలని ఆగాను.

నువ్వు అడిగింది ఒక్కటే: ఆ సాఫ్ట్‌వేర్‌లో ఫారాలను సెక్షన్లు అనే ముక్కలుగా చేయడం, ఆ ముక్కలను వేరే ఫారాల్లో తిరిగి వాడుకోవడం, ఇదంతా అవసరమా? ఒక్కో రకం కాంట్రాక్టుకు ఒక్కో ఫారం తయారుచేసి పడేస్తే సరిపోదా? సరిపోతుందనే నేనూ అనుకున్నాను. పదకొండు రకాల కాంట్రాక్టులు, పదకొండు ఫారాలు. కొనుగోళ్లవి కొనుగోళ్ల విభాగం, అద్దె ఒప్పందాలవి పరిపాలన విభాగం, లైసెన్సులవి ఐటీ విభాగం, ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు తయారుచేసుకున్నారు. ఏ ఫారానికి ఆ ఫారం ముచ్చటగానే ఉండేది.

ఒకరోజు మా పై అధికారి వచ్చి, "రాబోయే 90 రోజుల్లో ఏయే కాంట్రాక్టులకు నోటీసు ఇవ్వాలో ఒక జాబితా కావాలి" అన్నారు. అంటే, ఈ కాంట్రాక్టు ఇక వద్దని ఎదుటి పక్షానికి ముందుగా చెప్పే నోటీసు. ఐదు నిమిషాల పని అనుకుని కూర్చున్నాను. ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాసే గడి పేరు ఒక ఫారంలో "నోటీసు గడువు". (సాఫ్ట్‌వేర్ వాళ్లు ఫీల్డు అంటారు, నాకు గడి అనడమే అలవాటు.) మరొక ఫారంలో "రద్దు నోటీసు". ఇంకొకదానిలో "ముందస్తు సమాచారం". అద్దె ఫారంలో అసలు ఆ గడే లేదు. "ఇతర వివరాలు" అనే పెద్ద పెట్టెలో ఎవరో దాన్ని ఒక వాక్యంగా రాసి వదిలేశారు. పోనీ, పేర్లు ఏవైతేనేం, లోపల నింపినదైనా కుదురుగా ఉందా? "60" అని ఒకరు, "60 రోజులు" అని ఒకరు, "రెండు నెలలు" అని మరొకరు. ఒకచోటైతే "14వ క్లాజు చూడగలరు" అని ఉంది. చూడగలరట! ఆ మహానుభావుడు తానే చూసి అంకె వేసి ఉంటే నాకు ఆ పని తప్పేది కదా.

60 రోజులు, రెండు నెలలు ఒకటే కదా అంటావేమో. కావు. జనవరి, ఫిబ్రవరి కలిస్తే మామూలు ఏడాదిలో 59 రోజులు. జూలై, ఆగస్టు కలిస్తే 62. నోటీసు ఒక్కరోజు ఆలస్యమైతే చాలు, ఎదుటి పక్షం మర్యాదగా "గడువు దాటింది" అని జవాబు రాస్తుంది. ఆ జాబితా పూర్తిచేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది, తలప్రాణం తోకకు వచ్చింది. తీరా చూస్తే అందులో ఒక కాంట్రాక్టుకు నోటీసు తేదీ దాటిపోయి అప్పటికే ఆరు రోజులైంది. ఎవరూ వాడని ఒక సేవ, దానంతటదే మరో ఏడాదికి పొడిగింపు అయి కూర్చుంది.

ఆ తర్వాత కానీ సెక్షన్ల జోలికి వెళ్లలేదు. సెక్షన్ అంటే ఏదో బ్రహ్మవిద్య కాదు, కలిసి ఉండవలసిన కొన్ని గడుల గుంపు, అంతే. దాన్ని ఒక్కసారి తయారుచేసి, అవసరమైన కాంట్రాక్టు రకాలన్నింటికీ తగిలిస్తావు. నేను మొట్టమొదట చేసింది కాలపరిమితి సెక్షన్. ప్రారంభ తేదీ, ముగింపు తేదీ, దానంతటదే పొడిగింపు అవుతుందా, అయితే ఎంత కాలానికి, నోటీసు ఎంత, అది రోజుల్లోనా నెలల్లోనా, చివరగా నోటీసు ఇవ్వడానికి ఆఖరి తేదీ. మొత్తం ఏడు గడులు. చివరి గడిని మనిషి ముట్టుకోనక్కరలేదు, మిగతా వాటిని బట్టి సాఫ్ట్‌వేరే లెక్కగట్టుకుంటుంది. అంకె వేసే గడిలో అక్షరాలు పడవు, కాబట్టి "14వ క్లాజు చూడగలరు" అనే సౌకర్యం ఎవరికీ లేదు. ఆ సెక్షన్‌ను పదకొండు రకాలకూ తగిలించాక అదే జాబితా తీశాను. ఈసారి నిజంగానే ఐదు నిమిషాలు.

శ్రమ తగ్గుతుందని సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఊదరగొడతారు. అదేమంత పెద్ద లాభం కాదు, ఫారం తయారుచేయడానికి ఎంతసేపు పడుతుంది గనుక? ఒకే ప్రశ్నను అన్నిచోట్లా ఒకే తీరుగా అడుగుతున్నాం, అసలు లాభం అదీ.

ఇక్కడ నువ్వు కాచుకోవలసింది ఒకటుంది. "తిరిగి వాడుకోవడం" అనే మాటకు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఒకే అర్థం లేదు. కొన్నింటిలో సెక్షన్‌ను తగిలిస్తే దాని నకలు పడుతుంది, ఆ తర్వాత దేని దారి దానిది. మరికొన్నింటిలో అన్నిచోట్లా ఉండేది ఒకే సెక్షన్, ఒకచోట మారిస్తే అంతటా మారుతుంది. మొదటి రకమైతే ఆరు నెలలు తిరిగేసరికి మళ్లీ పదకొండు రకాల నోటీసు గడువులు నీ ముందుంటాయి. కనుక పత్రాల్లో ఏం రాశారో చదువుతూ కూర్చోకు. ఒక సెక్షన్‌ను రెండు కాంట్రాక్టు రకాలకు తగిలించు, ఒక గడి పేరు మార్చు, రెండోచోట మారిందో లేదో చూడు. తర్వాత నివేదిక తీసి, ఆ రెండు రకాల విలువలూ ఒకే నిలువు వరుసలోకి వచ్చాయో లేదో చూడు. పది నిమిషాల పరీక్ష.

రెండో రకానికీ దాని ప్రమాదం దానికి ఉంది. ఎవరూ వాడడం లేదనుకుని ఒక గడిని తొలగించాను. బీమా వాళ్లు వాడుతున్నారు. అన్ని కాంట్రాక్టుల్లోనూ ఆ గడి మాయమైంది, అందులో నింపినదంతా దానితోపాటే పోయింది. పాత బ్యాకప్ నుంచి రాబట్టే వరకు వాళ్ల ముఖం చూడలేకపోయాను. అప్పటినుంచి ఏ గడినీ తొలగించను, కనిపించకుండా దాచి ఊరుకుంటాను.

సెక్షన్లను ఎక్కడ కోయాలన్నది అసలు చిక్కు. మొదట్లో నేను కాంట్రాక్టు పత్రంలోని క్లాజుల వరుసలోనే కోశాను, చూడటానికి చక్కగా ఉంటుందని. అది పొరపాటు. ఒక్క సెక్షన్ నింపడానికి ముగ్గురు కావలసి వచ్చేది, వాళ్లలో ఇద్దరు ఎప్పుడూ మిగతా ఒకరికోసం ఎదురుచూస్తూ ఉండేవారు. ఇప్పుడు నేను చూసేది ఇదొక్కటే: దీన్ని ఎవరు నింపుతారు, ఎప్పుడు? చెల్లింపుల గడులు ఆర్థిక విభాగానివి, బాధ్యతల పరిమితి న్యాయ విభాగానిది. ఎవరి సెక్షన్ వారికే తెరుచుకునేలా హక్కులు పెట్టడం కూడా అప్పుడు తేలిక.

సెక్షన్ కాంట్రాక్టు రకాన్ని అంటిపెట్టుకుని ఉండాలని కూడా లేదు. లీజుల సంగతి చూడు. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 16 అనే అకౌంటింగ్ ప్రమాణం 2019 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం లీజుకు తీసుకున్నవాళ్లు దాదాపు అన్ని లీజులనూ ఆస్తి అప్పుల పట్టీలో చూపాలి. వినడానికి అద్దె ఒప్పందాల గొడవలా ఉంటుంది కానీ, పేరుకు సేవల కాంట్రాక్టు అయినా అందులో ఫలానా యంత్రం పూర్తిగా మన వాడకానికే కేటాయించి ఉంటే అది లీజు కిందికి రావచ్చు. లీజు గడులను అద్దె ఫారంలోనే పాతేసుకుంటే వీటికి చోటెక్కడ? వ్యక్తిగత సమాచార రక్షణకు యూరప్ వాళ్లు తెచ్చిన జీడీపీఆర్ కూడా అంతే. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఆ చట్టంలోని 28వ అధికరణం ప్రకారం, మన తరఫున ఇతరులు వ్యక్తిగత సమాచారాన్ని నిర్వహిస్తుంటే ఒప్పందంలో కొన్ని సంగతులు తప్పక రాసుకోవాలి: ఏ పని, ఎంత కాలం, ఎందుకు, ఎలాంటి సమాచారం, ఎవరికి సంబంధించినది. జీతాల లెక్కలు చూసే సంస్థ కావచ్చు, ప్రచారం చేసే సంస్థ కావచ్చు, ప్రశ్నలు అవే. అందుకే ఫారం పైభాగాన "వ్యక్తిగత సమాచారం ఉందా?" అని ఒక్క ప్రశ్న పెట్టాను. అవునంటే ఆ సెక్షన్ తెరుచుకుంటుంది, కాదంటే కంటికి కనిపించదు.

సవరణల దగ్గర మాత్రం "మొదటి సవరణ, రెండో సవరణ, మూడో సవరణ" అని మూడు గడులు పెట్టకు. నేను పెట్టాను, నెల తిరక్కుండానే నాలుగోది వచ్చింది. ఎన్నిసార్లయినా వరుసలు చేర్చుకోగలిగే సెక్షన్ ఉంటుంది, అది వాడు. ఇది కొత్త తెలివేమీ కాదు, డేటాబేసుల శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ 1970 నాటి పరిశోధన పత్రంలోనే, ఉద్యోగి పట్టికలో అతను చేసిన పనుల చరిత్రను ఇరికించకుండా వేరే పట్టికగా విడదీసి చూపించాడు. చెల్లింపు వాయిదాలకూ ఇదే పద్ధతి. డబ్బు మొత్తం ఒక గడిలో, కరెన్సీ పక్క గడిలో పెట్టు. తేదీ గడి తేదీ గడిగానే ఉండాలి, 03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అని ఎవరితోనూ వాదించే ఓపిక నీకు లేదని నాకు తెలుసు.

రుచి మరిగాక ఒక దశలో నలభై సెక్షన్ల దాకా వెళ్లాను. రెండేసి గడుల సెక్షన్లు! నింపేవాళ్లకు పేజీ కిందికి జరపడమే పనైపోయింది. ఇప్పుడు పద్నాలుగుకు దించాను. ఒక గుంపు మూడో కాంట్రాక్టు రకంలోనూ అవసరమైతేనే దాన్ని సెక్షన్ చేస్తాను, అంతవరకు మామూలు గడులే. కాలేజీలో అన్ని సబ్జెక్టుల నోట్సునూ ఒకే పుస్తకంలో ఆ చివర నుంచీ ఈ చివర నుంచీ రాసినవాడివి, నీకు ఈ జబ్బు రాదులే. నీకు వచ్చేది దీనికి తలకిందుల జబ్బు, అన్నీ ఒకే సెక్షన్‌లో కుక్కేయడం.

పాత కాంట్రాక్టులన్నింటికీ అన్ని గడులూ నింపిస్తామని మీవాళ్లు గొప్పగా అంటే ఒప్పుకోకు. ముందు అమల్లో ఉన్నవాటికి ఆ ఏడు గడులూ నింపించు. మిగతావి పొడిగింపుకో సవరణకో చేతికి వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

నీ దగ్గరున్న ఫారాల జాబితా పంపు. అంతకంటే ముందు వాటిలోని "ఇతర వివరాలు" పెట్టెలు ఓపిగ్గా చదివి, పనికొచ్చేవి ఏరి ఉంచు. మా 14వ క్లాజు మహానుభావుడికి తోబుట్టువు ఒకరు అక్కడా ఉండే ఉంటారు. దొరకగానే ఏం రాశారో నాకు రాయి.

నీ స్నేహితుడు