చరిత్ర పేపర్‌లో ఒక్క ప్రశ్న మార్చండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విశాఖపట్నంలో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను. ఒక్క విన్నపంతో ఈ లేఖ రాస్తున్నాను.

మా పిల్లలు బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి చూసినవాళ్లే. 1971 యుద్ధంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరం దగ్గరే మునిగిందని వాళ్లకు తెలుసు. ఎలా మునిగింది? ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన, నీటి లోపల పేలే బాంబులైన డెప్త్ చార్జ్‌ల దెబ్బకే అని మన నౌకాదళం చెబుతూ వచ్చింది. లోపల జరిగిన పేలుడు వల్లో, తాను పరిచిన మైన్ వల్లో మునిగిందని పాకిస్తాన్ వాదన. ఈ రెండూ బోర్డు మీద రాస్తే పిల్లలు ఎన్ని అడుగుతారో! శిథిలాలను ఎవరు చూశారు, ఏ మాట వల్ల ఎవరికి లాభం, అది ఆ రోజు రాసిందా, ఏళ్ల తర్వాత చెప్పిందా? చరిత్ర చదవడమంటే అదే కదండీ. కానీ ఆ పీరియడ్‌కు పరీక్షలో ఒక్క మార్కు రాదు. పబ్లిక్ పరీక్షల టెన్షన్ మొదలయ్యాక బిట్లు బట్టీ పట్టించడమే పని.

నాయకుల విషయంలో ఇది ఇంకా బాధ కలిగిస్తుంది. అల్లూరి సీతారామరాజు గురించి రాయమంటే 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు, 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ని కాల్చి చంపడం అంటూ తేదీలు తప్పు లేకుండా రాస్తారు. 1882 మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడు సాగుకు ఎలా అడ్డుపడింది, గూడెం రోడ్డు పనుల్లో గిరిజనుల చేత వెట్టి ఎలా చేయించారు, గాంధీజీ మాట మీద ఖద్దరు కట్టమని, తాగుడు మానమని చెప్పిన మనిషి ఆయుధం ఎందుకు పట్టాడు? ఇవి రాయమనరు. ఆయన వెంట పోరాడిన గాం గంటం దొర, మల్లు దొర పేర్లు ఒక్క వాక్యంలో వచ్చి పోతాయి. ఇలా అడిగితే మహనీయుల్ని కించపరిచినట్టవుతుందని కొందరి భయం. నాకు ఆ భయం లేదు. రాజు ముందు ఏ దారులున్నాయో, అందులో ఏది ఎందుకు ఎంచుకున్నాడో తనంతట తాను ఆలోచించుకున్న పిల్లకే ఆయన మీద గౌరవం గట్టిగా నిలుస్తుంది.

ఉక్కు ఉద్యమం సంగతీ అంతే. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అందరికీ నోటికి వచ్చు. ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసిన కుటుంబాలు ఏమంటాయో ఎవరూ అడగరు. గాజువాక వైపు స్కూళ్లలో ఆ ఇళ్ల మనవలే చదువుతున్నారు.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. పదో తరగతి సోషల్ పేపర్‌లో ఒక్క పెద్ద ప్రశ్నలో ఒకే సంఘటన మీద రెండు భిన్నమైన కథనాలు ఇచ్చి, ఏది నమ్మదగిందో కారణాలతో రాయమనండి. ఏ వైపు తేల్చారన్నది చూడకుండా, చూపిన ఆధారానికే మార్కులు వేయమని వాల్యుయేషన్ సూచనల్లో స్పష్టంగా రాయించండి. అది లేకపోతే ఈ ప్రశ్నకూ గైడ్లలో రెడీమేడ్ జవాబు వచ్చేస్తుంది. పాఠం చివర అప్పటి ఉత్తర్వో, ఉత్తరమో, పేపర్ వార్తో అచ్చు వేయించండి. వచ్చే ఏడాది మోడల్ పేపర్లు తయారవకముందే నిర్ణయం తీసుకుంటే, జూన్‌లో స్కూళ్లు తెరిచినప్పటి నుంచే మేం మొదలుపెట్టగలం.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
విశాఖపట్నం