అంతరిక్ష కేంద్రంతో మా పిల్లల్ని మాట్లాడించిన వాళ్ళందరికీ

మా స్కూలు పిల్లలు పోయిన వారం అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న వ్యోమగామితో హామ్ రేడియోలో, అంటే లైసెన్సు తీసుకుని ఇష్టం కొద్దీ నడుపుకునే రేడియోలో, మాట్లాడారు. కార్యక్రమాన్ని స్కూలు తరఫున నేను చూసుకున్నాను కాబట్టి అభినందనలన్నీ నాకు వస్తున్నాయి. అవి చేరాల్సిన వాళ్ళు వేరే ఉన్నారు. చాలామంది వేరే దేశాల వాళ్ళు, వాళ్ళలో ఒక్కరినీ నేను ఎదురుగా చూసింది లేదు. మా దగ్గర ఎవరూ పైసా తీసుకోలేదు. వాళ్ళు ఏం చేశారో నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ఈ సంభాషణల్ని నడిపేది అమెచ్యూర్ రేడియో ఆన్ ది ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ అనే కార్యక్రమం. అందరూ ఏరిస్ అంటారు. అమెరికా, కెనడా, యూరప్, జపాన్, రష్యాల హామ్ సంఘాలూ అంతరిక్ష సంస్థలూ కలిసి నడుపుతున్నాయి. 1983లో అమెరికా వ్యోమగామి ఓవెన్ గారియట్ కొలంబియా అనే స్పేస్ షటిల్ నుంచి చిన్న రేడియోతో భూమ్మీద ఈ రేడియో నడిపే హామ్‌లతో మాట్లాడారు. అంతరిక్షం నుంచి హామ్ రేడియోలో మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. తర్వాత 1996లో హ్యూస్టన్‌లో వివిధ దేశాల ప్రతినిధులు కూర్చుని, కట్టబోయే కేంద్రంలో అందరికీ కలిపి ఒకే హామ్ రేడియో కార్యక్రమం ఉండాలని నిర్ణయించుకున్నారు. 2000 డిసెంబరు 21న మొదటి సిబ్బంది కమాండర్ బిల్ షెపర్డ్ అమెరికాలోని ఇల్లినాయ్‌లోని ఒక స్కూలు పిల్లలతో మాట్లాడారు. మా పిల్లల వంతు వచ్చేదాకా ఆ వరస ఆగకుండా నడిపిన వాళ్ళందరికీ ముందుగా నమస్కారం.

ఇక మా మెంటర్ గారు. దరఖాస్తు ఒప్పుకున్న తర్వాత ఏరిస్ ప్రతి స్కూలుకూ అనుభవం ఉన్న ఒక హామ్‌ని తోడుగా ఇస్తుంది. మాకు దొరికినావిడ ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దావిడ. పిల్లల ప్రశ్నలు చూసి ఆవిడ ఒక్కటి కూడా మార్చలేదు, చిన్నవి చేయించారంతే. ఒక పాస్ దాదాపు పది నిమిషాలు. కేంద్రం దిగంతం మీదికి వచ్చినప్పటి నుంచి అటు దిగిపోయేదాకా ఉండే సమయం అది. రిహార్సల్‌లో పిల్లలు ప్రశ్న అడిగేసి, కాస్త ఆగి, అప్పుడు ‘ఓవర్’ (నా మాట అయింది, ఇక మీరు చెప్పండి) అంటున్నారని మాలో ఎవరం గమనించలేదు. ఆవిడ ఫోన్లో విని పట్టుకున్నారు. ఒక్కొక్కరు మూడు సెకన్లు ఆగితే వరసలో చివర నిలబడ్డ పాపకి వంతు రాదని చెప్పారు. ఆ మాట పిల్లలకి ఎంత బాగా ఎక్కిందంటే, తర్వాత వాళ్ళే ఒకరినొకరు సరిదిద్దుకోవడం మొదలుపెట్టారు. హాల్లో స్పీకర్లు ఎటు తిప్పాలి, మైకు ఎంత దూరంలో పట్టుకోవాలి, ఎకో వస్తే ముందు ఏది తగ్గించాలి, అన్నీ ఓపిగ్గా చెప్పారు. అమ్మా, మీకు ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది.

టైము కుదర్చడం మాత్రం చాలా టెన్షన్ పెట్టింది. కేంద్రంలో గడియారం జీఎంటీ ప్రకారం నడుస్తుంది. సిబ్బంది మేలుకుని ఉండాలి, వాళ్ళకి ఆ సమయంలో వేరే పని ఉండకూడదు, ఇక్కడ పిల్లలు స్కూల్లో ఉండాలి, కేంద్రం మా మీదుగా వెళ్ళాలి. ఈ నాలుగూ కలవలేదు. పైగా కక్ష్యను పైకి లేపడానికి ఇంజిన్లు మండిస్తే పాస్ టైములు మారిపోతాయి. వ్యోమనౌక వచ్చి కలుస్తున్నా, స్పేస్‌వాక్ ఉన్నా షెడ్యూలు జరిగిపోతుంది. ఇవన్నీ చూసుకుంటూ, ప్రతి మార్పుకీ మాకు విసుక్కోకుండా ఉత్తరం రాసిన షెడ్యూలింగ్ బృందానికి కృతజ్ఞతలు.

చివరికి టెలీబ్రిడ్జ్ పద్ధతి కుదిరింది. అంటే కేంద్రం మా ఆకాశంలో ఉండదు. వేరే ఖండంలో ఒక హామ్ స్టేషన్ మీదుగా వెళ్తుంది. పిల్లల గొంతు ఫోన్ లైన్లో అక్కడికి చేరి, అక్కడి నుంచి పైకి వెళ్తుంది. లైసెన్సు ఉన్న ఆపరేటర్ బాధ్యత తీసుకుంటారు కాబట్టి లైసెన్సు లేని పిల్లలు మాట్లాడగలిగారు. మాకు మధ్యాహ్నం, ఆ ఆపరేటర్ గారికి నడిరాత్రి. ఎప్పుడూ చూడని పిల్లల కోసం ఆయన నిద్ర మానుకుని కూర్చున్నారు.

మొదటి పిలుపుకి జవాబు రాలేదు. రెండోదానికీ రాలేదు. హాలంతా ఒకటే గరగర. కేంద్రం దిగంతం దగ్గర ఉన్నప్పుడు రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది, నడినెత్తికి వస్తే నాలుగు వందలే. కాసేపట్లో బాగవుతుందని తెలిసినా, వరసలో నిలబడ్డ పిల్లల మొహాలు చూస్తే ఆ కాసేపు భరించడం కష్టం. ఆపరేటర్ గొంతులో మాత్రం తొణుకు లేదు. అదే వేగంతో, అదే స్పష్టతతో మళ్ళీ పిలిచారు. యాంటెన్నా కేంద్రం వెంట తిరుగుతోంది, కేంద్రం నుంచి మాట వచ్చే 145.800 మెగాహెర్ట్జ్ మీద సిగ్నల్ బలపడుతోంది. గరగర మధ్య నుంచి ‘ఎన్‌ఏ1ఎస్‌ఎస్’ అని కేంద్రం కాల్ సైన్ (రేడియోలో దాని పేరు) వినిపించింది. తర్వాత ఏం జరిగిందో మీరంతా వీడియోలో చూశారు.

వీడియోలో లేనిది ఒకటుంది. చివరి పాప ప్రశ్న పైకి చేరింది, వ్యోమగామి జవాబు మొదలుపెట్టారు. రెండు వాక్యాల తర్వాత కేంద్రం ఆ స్టేషన్‌కి దిగంతం కిందికి వెళ్ళిపోయింది. మిగతా జవాబు మాకు రాలేదు. పాప ఏడవలేదు గానీ, ఇంటికి వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి ఆయన పూర్తిగా చెప్పారా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కేంద్రం ఎప్పుడూ పడమటి నుంచి తూర్పు వైపే వెళ్తుంది. మా ఆపరేటర్‌కి దిగిపోయిన కేంద్రం, ఆయనకు తూర్పున ఉన్నవాళ్ళకి ఇంకా ఆకాశంలోనే ఉంటుంది. పైనుంచి వచ్చే మాట అక్కడ ఎవరైనా వినొచ్చు. మెంటర్ గారు ఆ రాత్రే హామ్ మిత్రులకి కబురు పంపారు. రెండో రోజు తూర్పు వైపు నుంచి ఒకాయన రికార్డింగ్ పంపించారు. మామూలుగా కేంద్రాన్ని వినడం ఆయనకి అలవాటట. ఆ రోజు కూడా విన్నారు, రికార్డు చేశారు. అందులో వ్యోమగామి జవాబు మొత్తం ఉంది. కింద ఎవరైనా వింటున్నారో లేదో తెలియకుండానే ఆయన చివరిదాకా చెప్పారు, పాప పేరు పలికి మరీ ముగించారు. మరుసటి రోజు పొద్దున్న పాపకి అది వినిపించాం. ఆ రికార్డింగ్ పంపిన మీకు, ఆ జవాబును మధ్యలో వదిలేయని వ్యోమగామికి మా స్కూలంతా రుణపడి ఉంది.

ఇంకొకరికి కూడా చెప్పాలి. మొదటి స్టేషన్‌కి ఇబ్బంది వస్తే అందుకోవడానికి, అదే పాస్ వినిపించే దూరంలో రెండో స్టేషన్ సిద్ధంగా ఉంది. అక్కడి ఆపరేటర్ ఆవిడ కూడా యాంటెన్నా తిప్పుతూ, మైకు చేతిలో పట్టుకుని పాస్ మొత్తం కూర్చున్నారు. అవసరం రాలేదు, ఒక్క మాటా మాట్లాడలేదు. అందుకే వీడియోలో ఆవిడ పేరు లేదు. మేము ధైర్యంగా మొదలుపెట్టగలిగింది ఆవిడ అక్కడ ఉన్నారని తెలిసే.

ఫోన్ లైన్లు కలిపి పాస్ అయ్యేదాకా కనిపెట్టుకుని ఉన్న మోడరేటర్‌కీ, పిల్లలకి రేడియో విప్పి చూపించిన హామ్ క్లబ్ సభ్యులకీ, కేంద్రంలోని కొలంబస్ అనే భాగంలో 2020 నుంచి పనిచేస్తున్న రేడియో సెట్టు కోసం ఏళ్ళ తరబడి శ్రమపడిన వాలంటీర్ ఇంజినీర్లకీ కృతజ్ఞతలు. వరసలో నిలబడి, మీ మూడు సెకన్లు వెనకవాళ్ళకి ఇచ్చిన పిల్లలకి కూడా.

పిల్లలు చేత్తో రాసిన కార్డులు అందరికీ ఈ వారంలో పోస్టు చేస్తున్నాం. రికార్డింగ్ పంపిన వారు, దయచేసి మెంటర్ గారికి మీ చిరునామా ఇవ్వండి. పాప మీకు విడిగా ఒక ఉత్తరం రాసింది.

అందరికీ 73, అంటే హామ్ భాషలో శుభాకాంక్షలు.