ఎప్‌కాట్ పండగల్లో బాబుకి ఏం పెట్టాలి

అమ్మలూ,

మీరు ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్‌కాట్‌కి వెళ్ళేది డిసెంబర్ 22న. బాబుకేమో సీలియాక్, అంటే గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. కాబట్టి గడువు దాటితే చేతికి దొరకని పని ముందు చెప్పేస్తాను. కూర్చుని తినే రెస్టారెంట్లలో టేబుల్ బుకింగ్ 60 రోజుల ముందు తెరుస్తారు. 22కి లెక్కేస్తే అక్టోబర్ 23. ఆ రోజు తెల్లారకముందే లేచి, డిస్నీ యాప్‌లో మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతానికి ఒక టేబుల్ పట్టేయి. క్రిస్మస్ వారం కదా, తర్వాత చూద్దాంలే అనుకుంటే దొరకదు. బుక్ చేసేటప్పుడు ఆహార నియమాలు అడిగే చోట గ్లూటెన్/గోధుమ అని గుర్తు పెట్టు. యాప్‌లో పెట్టాం కదా అని ఊరుకోకు, వెళ్ళి కూర్చున్నాక వడ్డించేవాళ్ళకి మళ్ళీ నోటితో చెప్పాలి.

ఆ టేబుల్ ఎందుకంటే, పండగ బూత్‌లు రుచి చూడ్డానికే తప్ప కడుపు నింపుకోవడానికి కావు. నవంబర్‌లో వచ్చే థాంక్స్‌గివింగ్ మర్నాడు మొదలై డిసెంబర్ 30 దాకా సాగే ఈ పండగల్లో వరల్డ్ షోకేస్ అనే భాగంలోని చెరువు చుట్టూ 'హాలిడే కిచెన్' అని చిన్న చిన్న బూత్‌లు పెడతారు. ఒక్కో పళ్ళెంలో రెండు మూడు ముద్దలుంటాయి. పదకొండు దేశాల మంటపాలు, చుట్టూ తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. బాబు ఆకలితో ఆ నడక మొదలుపెట్టాడంటే నాలుగో బూత్ దగ్గరికి వచ్చేసరికి నువ్వు 'ఏదో ఒకటిలే' అనేస్తావు. తప్పులన్నీ ఆ నిమిషంలోనే జరుగుతాయి. కాబట్టి పొద్దున బస దగ్గర గట్టిగా తినిపించి తీసుకెళ్ళు.

లోపలికి వెళ్ళగానే ఫెస్టివల్ పాస్‌పోర్ట్ అని చిన్న పుస్తకం ఊరికే ఇస్తారు. ఏ బూత్‌లో ఏం పెడుతున్నారో, వాటిలో గ్లూటెన్ లేనివి ఏవో, మొక్కల నుంచి మాత్రమే చేసినవి ఏవో అందులో గుర్తులు వేసి ఉంటాయి. మెనూ ఏటేటా మారుతుంది. పోయినేడు ఎవరో తిన్నామన్న జాబితా పట్టుకుని వెళ్ళకు.

ఇప్పుడు ఆ గుర్తు సంగతి. డబ్బా మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే అమెరికాలో గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలని అక్కడి ఆహార, మందుల శాఖ ఎఫ్‌డీఏ నియమం. మన దేశంలో ఆహార నియమాలు పెట్టే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా ఆ 20నే పెట్టింది. బూత్ బోర్డు మీద ఉండేది 'గ్లూటెన్/వీట్ ఫ్రెండ్లీ' అనే మాట. దానికి అలాంటి కొలత ఏమీ లేదు. వంటకంలో గోధుమ వేయలేదు అన్నంతవరకే దాని హామీ. ఆ గరిటె అంతకుముందు ఎందులో మునిగింది, ఆ పెనం మీద ఏం కాల్చారు అన్నది ఆ గుర్తు చెప్పదు. అక్కడ గ్లూటెన్‌కి వేరే వంటగది లేదని డిస్నీ వాళ్ళే చెబుతారు. గోధుమ పడక కాస్త ఉబ్బరం వచ్చేవాళ్ళకి ఆ గుర్తు సరిపోతుంది. సీలియాక్ ఉన్న బాబుకి చాలదు. బ్రెడ్ ముక్కలో రెండు గ్రాముల గ్లూటెన్ ఉందనుకో. అందులో నలభయ్యో వంతు, అంటే 50 మిల్లీగ్రాములు రోజూ కొన్ని నెలలపాటు లోపలికి వెళ్తే పేగు లోపలి పొర దెబ్బతింటుందని పరిశోధనల్లో తేలింది. ఒక్క పూట పొరపాటుకి అంత జరగదులే కానీ, సెలవు మొత్తం కడుపునొప్పితో పోతుంది.

అందుకని గుర్తు ఉన్న వంటకాల్లోంచే మళ్ళీ వండే తీరు చూసి ఏరుకోవాలి. అన్నిటికన్నా పెద్ద శత్రువు నూనె మూకుడు. పెళ్ళి వంటశాలలో మిరపకాయ బజ్జీలూ మైదా కజ్జికాయలూ అప్పడాలూ ఒకే మూకుట్లో తేలతాయి చూడు, ఇదీ అంతే. అరటికాయ ముక్కలు వేయించిన టోస్టోనెస్ కానీ, బంగాళాదుంప ఫ్రైస్ కానీ, మొక్కజొన్న చిప్స్ కానీ వాటంతట అవి ఏ పేచీ లేనివే. కానీ పక్క బుట్టలో రొట్టెపొడి పట్టించిన చికెన్ వేగుతుంటే ఆ రవ్వంతా నూనెలోనే ఉంటుంది. వేడికి గ్లూటెన్ చావదు. అది క్రిమి కాదు, ప్రోటీన్. నూనె ఎంత కాగినా, వడగట్టినా అది పోయిందని చెప్పలేం. 'ఈ ఫ్రయర్ దీనికొక్కదానికేనా, ఇంకేమైనా వేయిస్తారా' అని అడుగు. జవాబు నసిగినట్టు వస్తే ఆ వంటకం వదిలేయి.

రెండోది పట్టు కోసం వేసే పిండి. బంగాళాదుంప లాట్కేలు చూడ్డానికి మన ఆలూ టిక్కీలా ఉంటాయి, చాలాచోట్ల వాటిలో మైదా గానీ మాట్జో పొడి గానీ కలుపుతారు. మాట్జో అంటే గోధుమే. ఫలాఫెల్ అనే వడ శనగలదే అయినా కొందరు పిండి చల్లుతారు, పైగా అదీ నూనెలోదే. టర్కీ మాంసం మీద పోసే గ్రేవీ వెన్నలో మైదా వేయించి చేస్తారు. చీజ్ సూప్‌లూ, పూటీన్ అనే ఫ్రైస్ మీద పోసే గ్రేవీ కూడా తరచూ అంతే. మెక్సికో వైపు మొక్కజొన్న పిండి తమాలే మంచి ఎంపిక, కానీ పైన పోసే మోలే సాస్‌లో చిక్కదనానికి రొట్టె నూరి వేసే పద్ధతి ఉంది. తమాలే వేరు, సాస్ వేరు, రెండూ విడివిడిగా అడగాలి. జపాన్, చైనా వైపు సోయా సాస్‌లో మామూలుగా గోధుమ ఉంటుంది. జర్మనీ మంటపంలో స్పేట్జ్‌లె గోధుమ నూడుల్స్, ష్నిట్జెల్ రొట్టెపొడి పట్టించి వేయించిన మాంసం, అక్కడ ఎక్కువసేపు ఆగకు. మాల్ట్ అని కనిపిస్తే బార్లీ అని గుర్తుపెట్టుకో. అమెరికా డబ్బాల మీద పదార్థాల జాబితాలో గానీ 'కంటెయిన్స్' వరుసలో గానీ గోధుమ పేరు రాయక తప్పదు, బార్లీకీ రై ధాన్యానికీ ఆ నిర్బంధం లేదు. పదార్థాల జాబితా మొత్తం చదవాల్సిందే.

ఏరగా మిగిలేవి ఆవిరి మీద ఉడికినవి, విడి గిన్నెలోంచి వడ్డించేవి, సాస్ పోయకుండా ఇవ్వగలిగినవి, పళ్ళు, పొట్లం విప్పని ప్యాకెట్లు.

బూత్ దగ్గర అడిగే పద్ధతి ఒకటుంది. డబ్బు తీసుకునే పిల్ల 'పర్లేదనుకుంటా' అంటే దాన్ని జవాబు కింద తీసుకోకు. 'మా అబ్బాయికి సీలియాక్, అలర్జీ బైండర్ చూడాలి' అను. పదార్థాలన్నీ రాసిన పుస్తకం వాళ్ళ దగ్గర ఉంటుంది, లీడ్‌ని, అంటే అక్కడి పెద్దని, పిలిచి చూపిస్తారు. వెనక జనం ఉన్నారని మొహమాటపడకు. ఆ మొహమాటం తగ్గాలంటే పదకొండింటికి, బూత్‌లు తెరవగానే వెళ్ళు. అప్పుడు వరుసలు చిన్నవి, అడిగితే చెప్పే ఓపిక వాళ్ళకుంటుంది, గరిటెలూ పెనాలూ ఇంకా కలగాపులగం కావు. అదే వంటకం రాత్రి ఏడింటికి వేరే చేతుల మీదుగా వస్తుంది. ఏదైనా అయిపోతే పైన చల్లేది మార్చేస్తుంటారు కూడా. మధ్యాహ్నం తిన్నదే సాయంత్రం మళ్ళీ కొన్నా మళ్ళీ అడగాల్సిందే. 'అది తీసేసి ఇవ్వండి' అన్న మాట మాత్రం బూత్‌ల దగ్గర పనిచేయదు, చాలావరకు ముందే తయారై వస్తాయి. పైనుంచి క్రూటాన్ అనే కాల్చిన రొట్టె ముక్కలు ఏరేసి ఇచ్చిన పళ్ళెం ఎవరిచ్చినా పుచ్చుకోవద్దు.

కూర్చుని తినే చోట్ల ఈ బాధ తక్కువ. అక్కడ పళ్ళెం వేరే చేయిస్తారు, వంటతనితో మాట్లాడతామంటే చాలాచోట్ల ఏర్పాటు చేస్తారు. ఫ్రాన్స్ మంటపంలో లా క్రేపరీ ద పారీ అని 2021లో తెరిచారు. అక్కడి గాలెట్లు అనే ఉప్పు అట్లు బక్‌వీట్‌వి, అంటే మన ఉత్తరాదివాళ్ళు ఉపవాసాల్లో తినే కుట్టు పిండి. గోధుమ జాతి కాదు. క్రేప్‌లు అనే తీపి అట్లు మాత్రం మైదావి, కాబట్టి పెనం, అట్లకాడ వేరేనా అని అడుగు. ఇటలీ మంటపంలో వియా నాపోలిలో గ్లూటెన్ లేని పిజ్జా దొరుకుతుంది, బాబు ఎగిరి గంతేస్తాడు. కానీ పిజ్జా వంటగది అంటే గాల్లో కూడా మైదా ఉంటుంది. వేరే పళ్ళెంలో పెట్టి కాలుస్తారా, కోసే చక్రం వేరేనా అన్నవి తెలుసుకున్నాకే ఆర్డర్ ఇవ్వు. నాకైతే గాలెట్ వైపే మొగ్గు. కౌంటర్ దగ్గర కొనుక్కునే కనెక్షన్స్ ఈటరీ లాంటి చోట్ల మొబైల్ ఆర్డర్‌లో అలర్జీ మెనూ విడిగా ఉంటుంది, అందులోంచి ఎంచుకో. పళ్ళెం చేతికి ఇచ్చేటప్పుడు 'ఇది అలర్జీ ఆర్డరేనా' అని ఇంకోసారి.

కుకీ స్ట్రోల్ గురించి బాబు అడుగుతాడు. చెప్పిన బూత్‌లలో ఐదు కుకీలు కొని స్టాంపులు వేయించుకుంటే చివర ఇంకోటి ఇస్తారు. కుకీల్లో ఎక్కువ భాగం మైదావే. స్టాంపుల సరదా వాడిది, కుకీలు అల్లుడుగారివి అని ముందే ఒప్పందం చేసుకోండి. నీ సంచిలో వాడి కుకీలు ప్యాకెట్ విప్పనివి ఉండాలి.

మీ అత్తగారి సంగతి వేరు. గుడ్డు తినరు కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఆకు గుర్తు చూడు. మాంసం, పాలు, గుడ్డు, తేనె ఏవీ లేకుండా చేసినవాటికే అది వేస్తారు. ఆకు గుర్తు ఉన్నది బాబుకి కూడా పనికొస్తుందని మాత్రం అనుకోకు. మొక్కల సాసేజ్‌ల్లో చాలావాటికి గోధుమ గ్లూటెనే ఆధారం. ఆకు గుర్తు లేని 'శాకాహారం' అయితే బీన్స్‌లో పందికొవ్వు, అన్నంలో చికెన్ స్టాక్, మార్ష్‌మెలోలో జెలటిన్ ఉండే అవకాశం ఉంది, అడగాలి. ధనుర్మాసం అని ఉల్లి, వెల్లుల్లి కూడా మానేస్తే ఇక బూత్‌ల జోలికి పోవద్దు. ఆ సాస్‌లన్నిటికీ మూలం అవే. ఆవిడకి ఇంటి పులిహోరే శరణ్యం.

ఇంటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు. గాజు సీసాలు వద్దంటారు, విడి ఐస్ వద్దంటారు, వేడి చేయాల్సినవీ ఘాటు వాసనవీ వద్దంటారు. ఆవకాయ సీసా బస దగ్గరే వదిలేయి. డాలస్ నుంచి విమానంలో తెచ్చుకుంటే జెల్ ప్యాక్‌లు తనిఖీ దగ్గర రాయిలా గడ్డకట్టి ఉండాలి, కాస్త కరిగినా తీసి పారేస్తారు. పులిహోర చల్లారాక డబ్బాలో సర్ది, పైనా కిందా గడ్డకట్టిన ప్యాక్‌లు పెట్టు. వండిన అన్నం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, ఫ్లోరిడాలో డిసెంబర్ మధ్యాహ్నం కూడా వెచ్చగానే ఉంటుంది. బియ్యప్పిండి జంతికలు, అటుకుల చుడువా, అరటిపళ్ళు అయితే ఏ చింతా లేదు.

అన్నిటికన్నా ముందు మీ ఇంగువ డబ్బా తిప్పి చూడు. మనకి దొరికే పొడి ఇంగువలో సగానికి పైగా పిండే, అది చాలావాటిలో గోధుమపిండి. పులిహోర పోపు నుంచి కందిపొడి, సాంబారు పొడి దాకా అన్నిట్లోకీ అదే చేరుతుంది. బయట అంత వెతికి, ఇంటి డబ్బాలోంచే పెట్టినట్టవుతుంది. బియ్యప్పిండితో కట్టిన ఇంగువ దొరుకుతుంది, లేకపోతే ఇంగువే మానెయ్. జంతికల్లో వామూ నువ్వులూ చాలు. బస చేసే ఇంట్లో టోస్టర్ ముట్టుకోవద్దు, చెక్క గరిటెలు వాడొద్దు, గీతల్లో పాత పిండి ఉండిపోతుంది. ఒక గరిటె, ఒక చిల్లుల గిన్నె నీవే తెచ్చుకో.

తినే ముందు బాబు చేతులు సబ్బుతో కడుగు, కుదరకపోతే తడి వైప్స్‌తో తుడువు. శానిటైజర్ క్రిముల్ని చంపుతుందే కానీ గ్లూటెన్‌ని తీయదు. గ్లూటెన్ అరిగించే మాత్రలని అమ్ముతారు, వాటిని నమ్ముకుని ఏదీ పెట్టకు. ఒకవేళ పొరపాటు జరిగితే విరుగుడు లేదు. నీళ్ళు, మజ్జిగ, విశ్రాంతి. వాంతులు ఆగకపోతే ఒడిస్సీ భవనం పక్కన ఫస్ట్ ఎయిడ్ ఉంది, అక్కడికి తీసుకెళ్ళు.

ఈ ఏటి మెనూ బయటికి రాగానే ఫోటోలు తీసి పంపు. గుర్తు ఉన్నవాటిలో ఏది అడగాలో, ఏది అడగకుండానే వదిలేయాలో పక్కన రాసి పంపుతాను.

అమ్మ