సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది ఎక్కువగా జ్వరాల డాక్టర్ల చదువు గురించే

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, సంక్రాంతి, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. పంచాంగ శ్రవణానికి హాలు సరిపోలేదని, వనభోజనాల్లో రెండో పంక్తికే పులిహోర అయిపోయిందని ఫిర్యాదులు వచ్చాయి. రెండూ నిజమే. కార్యవర్గం రాసుకుంది. పిల్లల తెలుగు తరగతులు చెన్నైలో పెరంబూరులోనూ అన్నానగర్‌లోనూ ఆదివారం ఉదయాలు నడుస్తున్నాయి. జమాఖర్చుల పట్టికను కోశాధికారి సంతకంతో విడిగా పంపాం కాబట్టి ఇక్కడ మళ్ళీ ఎక్కించడం లేదు.

మిగతా చోటంతా ఆరోగ్య విభాగానికే. ఏడాది పొడుగునా ఒకే విషయం పట్టుకుని కూర్చున్న విభాగం అదొక్కటే. అంటురోగాలకు వైద్యం చేసే స్పెషలిస్టులు, ల్యాబులో సూక్ష్మజీవుల్ని పట్టి చూసే మైక్రోబయాలజీ డాక్టర్లు ఎలా తయారవుతున్నారు, వాళ్ళకి అందుతున్న శిక్షణ ఏపాటిది అన్నది వాళ్ళు ఎత్తుకున్న విషయం.

"పండగలు చేసుకునే సంఘానికి ఈ గొడవ ఎందుకండీ?" అని మొదటి సమావేశంలోనే టీ నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన సూటిగా అడిగారు. దానికి సమాధానం మరో సభ్యుడి ఇంట్లోనే దొరికింది. నిరుడు వానలు వెనకబట్టాక ఆయన భార్యకు జ్వరం వచ్చి పది రోజులైనా దిగలేదు. విడాల్ పరీక్ష పాజిటివ్ అన్నారు, టైఫాయిడ్ అన్నారు, ఇంజెక్షన్లు మార్చి మార్చి ఇచ్చారు. ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. రెండో ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ ఆవిణ్ణి తల నుంచి పాదాల దాకా ఓపిగ్గా చూసి, చంకలో సిగరెట్ కాలినట్టున్న నల్లటి పెచ్చు పట్టుకుంది. స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని నల్లి (మంచాల్లో ఉండే నల్లి కాదు, మైట్) కుడితే వచ్చే జ్వరం అది. తమిళనాడులో కొత్తదేం కాదు. డాక్సీసైక్లిన్ మొదలెట్టిన రెండో రోజుకే జ్వరం దిగింది. ఒక్కసారి చేసిన విడాల్‌ను నమ్ముకుని టైఫాయిడ్ అని తేల్చేయడం మన ప్రాంతంలో ప్రమాదం. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్ల కూడా అది పాజిటివ్ చూపించవచ్చు. ఆ డాక్టరమ్మకు పెచ్చు వెతకాలని ఎవరో పక్కన నిలబడి నేర్పారు. మొదటి చోట చూసినవారికి అలా నేర్పినవారు లేరో, నేర్చుకున్నా చీర కొంగు తీయించి చూసే తీరిక లేదో. ఇది విన్నాక ఆ పెద్దాయన మళ్ళీ ప్రశ్న వేయలేదు. పైగా విభాగంలో చేరారు.

చదువు సంగతి చాలామంది సభ్యులకు తెలియదు కాబట్టి ముక్తసరిగా చెబుతాం. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. ఆపైన ఎండీ మూడేళ్ళు. జనరల్ మెడిసిన్ వంటి బ్రాంచిలో ఎండీ అయ్యాక అంటురోగాల్లో సూపర్ స్పెషాలిటీ డిగ్రీ, అంటే డీఎం గానీ, దానికి సాటిగా నేషనల్ బోర్డు ఇచ్చే డీఆర్‌ఎన్‌బీ గానీ, ఇంకో మూడేళ్ళు. అంటే మొత్తం పదకొండున్నరేళ్ళు. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, వేలూరు సీఎంసీ లాంటి చోట్ల డీఎం ఉంది. గుండెకూ కిడ్నీకీ ఉన్న డీఎంలతో పోలిస్తే ఇది నిన్నగాక మొన్న పుట్టిన కోర్సు. మైక్రోబయాలజీ దారి వేరు. ఎక్కువమందికి అది ఎండీతోనే పూర్తవుతుంది, పనంతా ల్యాబులో. పీజీ కౌన్సెలింగ్‌లో దానికి గిరాకీ తక్కువ. "పేషెంట్ లేని బ్రాంచి, ప్రాక్టీసు ఎలా పెడతావ్?" అని అడగని తల్లిదండ్రులు మనలో ఎవరున్నారు? ఇలాంటి సీట్లు ఏటా మిగిలిపోతుంటాయి. 2023లో నీట్ పీజీ ప్రవేశ పరీక్ష కటాఫ్‌ను సున్నా పర్సంటైల్ దాకా దించినప్పుడు ఖాళీ సీట్లు నింపడం మీదే చర్చంతా నడిచింది. నిండిన సీట్లో కూర్చున్నవారికి ఏం నేర్పుతున్నారన్నది ఎవరూ పెద్దగా అడగలేదు.

ఆగస్టులో ఒక పెద్ద ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబు చూడ్డానికి వెళ్ళాం. మన నెల్లూరు అమ్మాయి ఒకామె అక్కడ ఎండీ రెండో ఏడాది చదువుతోంది. వేడిగా ఉంచే ఒక యంత్రంలో రక్తం సీసాలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. సీసాలో సూక్ష్మజీవి పెరిగితే యంత్రమే మోత పెడుతుంది. వెంటనే చుక్క తీసి, గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి వార్డుకు ఫోన్ చేయాలి. ఇంకో చుక్కను సూక్ష్మజీవులకు తిండి ఉన్న ప్లేటు మీద వేస్తారు. మర్నాడు దాని మీద పెరిగినదాన్ని ఇంకో ప్లేటు మీద పలచగా పరిచి, యాంటీబయాటిక్ అద్దిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. ఆ మర్నాడు బిళ్ళ చుట్టూ ఎంత మేర ఏమీ పెరగలేదో మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఏ మందు పనిచేస్తుందో తేలేది అప్పుడే.

ఆ అమ్మాయి ఒక సీసా ఎత్తి చూపించింది. "పెద్దవాళ్ళకైతే దీంట్లోకి ఎనిమిది, పది మిల్లీలీటర్ల రక్తం తీయాలి తాతగారూ. ఇందులో మూడు కూడా లేదు." సీసాతో వచ్చిన కాగితంలో జబ్బు గడిలో 'ఫీవర్' అని ఒక్క మాట. ఇస్తున్న యాంటీబయాటిక్ పేరు రాయాల్సిన గడి ఖాళీ. మందు మొదలెట్టక ముందు తీసిన రక్తమో, మొదలెట్టాక తీసిందో ల్యాబుకు తెలిసే దారి లేదు. మొదలెట్టాక తీస్తే సూక్ష్మజీవి ఉన్నా పెరగకపోవచ్చు.

"వార్డుకెళ్ళి కనుక్కోవచ్చు కదమ్మా?" అన్నారు టీ నగర్ పెద్దాయన.

"వెళ్తాను తాతగారూ. కానీ అది నా టైమ్‌లోంచే. ప్లేట్లు, ఎంబీబీఎస్ పిల్లల ప్రాక్టికల్స్, థీసిస్, వీటి మధ్యలో వెళ్ళాలి. వెళ్ళినా, ల్యాబ్ నుంచి వచ్చినమ్మాయి మందు మార్చమంటే యూనిట్‌లో ఎవరు వింటారు?"

ఆమె రాయబోయే ఎండీ పరీక్షలో నాలుగు పేపర్లు, ఆపైన ప్రాక్టికల్స్, వైవా. వార్డులో డాక్టరును ఒప్పించి, అక్కర్లేని మందు మాన్పించడం ఏ పేపరులోనూ రాదు. మా దృష్టిలో అసలు పని అదే.

రెండో వైపు కూడా విన్నాం. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో అంటురోగాల డీఆర్‌ఎన్‌బీ చేస్తున్న అబ్బాయి అక్టోబరు సమావేశంలో మాట్లాడాడు. ఐసీయూ ఇన్ఫెక్షన్లు, అవయవ మార్పిడి అయినవాళ్ళకు వచ్చే ఫంగస్, ఏ మందుకూ లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా, ఇవన్నీ రోజూ చూస్తాడట. డిఫ్తీరియా మాత్రం ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు. టీబీ, హెచ్‌ఐవీ రోగులు ఎక్కువగా తాంబరం శానిటోరియం ఆసుపత్రి వైపు వెళ్తారు. డిఫ్తీరియాతో గొంతులో తెల్లపొర కట్టిన పిల్లల్ని తండయార్‌పేట అంటువ్యాధుల ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఆ రెండూ ఇదే ఊళ్ళో ఉన్నాయి, కానీ అతని కోర్సులో లేవు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చదివేవాళ్ళ బాధ దీనికి తలకిందులు. రోగులకు కొదవ ఉండదు గానీ, రోగి పక్కన కూర్చుని ఆలోచించే వ్యవధి ఉండదు.

విభాగం ఏడాదంతా తిరిగి తేల్చుకున్నది ఇదే. ఇద్దరూ సగం సగం నేర్చుకుని బయటికొస్తున్నారు. ల్యాబులో ఉన్నవాళ్ళకు రోగి మంచం కనిపించదు, మంచం దగ్గరున్నవాళ్ళకు ప్లేటు కనిపించదు. సీట్లు రెట్టింపు చేసినా ఈ లోటు తీరదు.

ఇంగ్లండులో దీనికి ఒక దారి వెతికారు. అంటురోగాలు చదివేవాళ్ళనూ, మెడికల్ మైక్రోబయాలజీ, వైరాలజీ చదివేవాళ్ళనూ మొదటి రెండేళ్ళు ఒకే పాఠ్యక్రమంలో కలిపి తయారుచేస్తారు. ఆ తర్వాతే ఎవరి దారి వారిది. శిక్షణ ఎలా ఉందని అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ ప్రతి ఏడాదీ ట్రైనీలనే సర్వే చేసి, ఫలితాలు అందరికీ కనబడేలా పెడుతుంది. అక్కడ పనిచేస్తున్న మన సభ్యుడి కూతురు ఆన్‌లైన్‌లో మాట్లాడుతూ అక్కడా అన్నీ బాగున్నాయనుకోవద్దంది. జనరల్ మెడిసిన్ డ్యూటీలు స్పెషాలిటీ టైమును మింగేస్తాయట. కానీ ఆ మాట ట్రైనీలే చెప్పగలుగుతున్నారు, చెప్పినందుకు ఎవరికీ మార్కులు తగ్గడం లేదు. మన పీజీలు మాతో మాట్లాడే ముందు పేరు రాయబోమని మాట తీసుకున్నారని ఇక్కడ గుర్తుచేయాలి.

జనవరి 12న మందుల శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతి చేశాం. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1923లో అమెరికా వెళ్ళారాయన. ఆయన నడిపిన లెడర్లే అనే మందుల కంపెనీ పరిశోధన విభాగం నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది, బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్ వచ్చింది. తొలి టెట్రాసైక్లిన్ ఆరియోమైసినే. మన సభ్యుడి ఇల్లాలిని కాపాడిన డాక్సీసైక్లిన్‌దీ అదే వంశం. ఉపన్యాసాలు కాస్త పొడుగయ్యాయి, భోజనాలు ఆలస్యమయ్యాయి.

ఆ సభలో అందరినీ కదిలించింది మాత్రం అదే కాలేజీకి చెందిన మరో కథ. 1985 చివర్లో మైక్రోబయాలజీ ప్రొఫెసర్ సునీతి సోలమన్ గారు తన ఎండీ విద్యార్థిని నిర్మల గారికి థీసిస్‌కని హెచ్‌ఐవీ ఇచ్చారు. మన దేశంలో ఆ జబ్బే లేదని పెద్దలు నమ్ముతున్న రోజులవి. నిర్మల గారు సెక్స్ వర్కర్ల దగ్గర రక్తం సేకరించి, సీరం సీసాలను ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, పరీక్ష సౌకర్యం ఉన్న వేలూరు సీఎంసీకి తీసుకెళ్ళారు. దేశంలో హెచ్‌ఐవీ 1986లో బయటపడింది ఆ థీసిస్‌తోనే. ల్యాబు దాటి బయటికి పంపిన గురువు వల్ల ఒక పీజీ థీసిస్ ఎక్కడిదాకా వెళ్తుందో చూడండి. ఈ రోజుల్లో థీసిస్ అంటే బైండింగ్ షాపు గుర్తొస్తోందని ఒక రిటైర్డ్ ప్రొఫెసరు అన్నారు. నవ్వు రాలేదు.

మందులకు లొంగని సూక్ష్మజీవుల సంగతీ ఈ ఊరికి బాగా తెలుసు. గట్టి యాంటీబయాటిక్‌లను కూడా పనిచేయనివ్వని ఎన్‌డీఎం-1 అనే ఎంజైమ్ మీద 2010లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వచ్చిన పరిశోధనలో చెన్నై నమూనాలున్నాయి. యాంటీబయాటిక్‌ల అతివాడకం మీద దేశమంతటి వైద్య సంఘాలు కలిసి 2012లో చెన్నై డిక్లరేషన్ తయారుచేసింది ఇక్కడే.

ఇక చేసిన పనులు. తమిళనాడు డాక్టర్ ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయానికి ఇవ్వడానికి ఒక విజ్ఞాపన రాశాం. పీజీలను మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి పంపే నిబంధన ఇప్పటికే ఉంది కాబట్టి, అదే పద్ధతిలో మైక్రోబయాలజీ వాళ్ళను వార్డులకు, అంటురోగాల వాళ్ళను ల్యాబుకు, తాంబరానికి, తండయార్‌పేటకు పంపమని అడిగాం. పేరు బయటపెట్టకుండా ట్రైనీల అభిప్రాయాలు తీసుకుని కాలేజీల వారీగా ప్రకటించమని కూడా రాశాం. సర్వసభ్య సమావేశం ఆమోదిస్తే పంపుతాం. రెండో కోరిక మీద కార్యవర్గంలోనే ఏకాభిప్రాయం లేదు. కాలేజీలతో తగువు పెట్టుకోవడం ఎందుకని కొందరి వాదన. ఆ అడగడమే లేకపోతే విజ్ఞాపనకు బలం లేదని విభాగం పట్టుదల. ఓటింగ్‌కు పెడుతున్నాం.

ఇంటింటికీ ఒక కాగితం పంచాం. యాంటీబయాటిక్ మొదలెట్టే ముందు రక్తం కల్చర్‌కు తీశారా అని అడగండి, వాడుతున్న మందుల చీటీ దగ్గరుంచుకోండి, మందుల షాపులో చీటీ లేకుండా అజిత్రోమైసిన్ అడగకండి అని అందులో ఉంది. మూడోది చదివి కొందరు సభ్యులు నొచ్చుకున్నారని తెలిసింది. కాగితం మార్చలేదు.

వచ్చే ఏడాది మన ఊళ్ళ నుంచి చెన్నై వచ్చి మైక్రోబయాలజీ, అంటురోగాలు చదువుతున్న పీజీలకు పుస్తకాల సాయం ఇవ్వాలని ప్రతిపాదన. దానికి విరాళాలు కోశాధికారికి ఇవ్వండి. ఖాళీ గది ఉన్నవాళ్ళు, నైట్ డ్యూటీ చేసి వచ్చే పిల్లలకు అద్దెకివ్వగలిగితే కార్యదర్శికి చెప్పండి. సర్వసభ్య సమావేశంలో ఓటు వేయాలంటే చందా బాకీ ఉండకూడదు.