హోస్ పట్టుకునే మనిషిని పంపండి

గాలి ఒత్తిడితో గ్రిట్ అనే గరుకు పొడిని చిమ్మి తుప్పు, పెయింటు తీసే బ్లాస్టింగ్ మిషన్లు, పార్టులు మా దగ్గర కొన్న అందరికీ నమస్కారం. రేణిగుంట, శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు వైపు ఫ్యాబ్రికేషన్ షెడ్ల వాళ్లకూ, కుప్పం గ్రానైట్ మీద అక్షరాలు కొట్టే వాళ్లకూ కలిపే రాస్తున్నాను. కొన్ని ధరలు పెంచుతున్నాను, కొన్ని పద్ధతులు మారుస్తున్నాను. ఎందుకో దాచకుండా చెబుతాను.

ముందు నా తప్పు. పోయిన వానల్లో ఒక షెడ్‌లో పని మధ్యలో రెండు హోస్‌లను కలిపే కప్లింగ్ ఊడిపోయింది. కుర్రాడు భయపడి హోస్ చివరి మూతి, అదే నాజిల్, వదిలేసినా గాలి ఆగలేదు. చెయ్యి వదలగానే గాలి ఆపేసే డెడ్‌మ్యాన్ హ్యాండిల్‌ని ఎవరో బైండింగ్ వైరుతో కట్టేశారు. హోస్ ఎగిరి మోకాలికి తగిలింది, పది రోజులు మంచం దిగలేదు. వెళ్లి చూస్తే కప్లింగ్‌కి ఊడకుండా గుచ్చే సేఫ్టీ పిన్ లేదు, రెండు హోస్‌లను పట్టి ఉంచే ఇనుప తాడూ లేదు. ఆ కప్లింగ్ అమ్మింది నేనే. పిన్ను, తాడు 'కావాలంటే వేరే' అని బిల్లు రాసిందీ నేనే. ఆ అబ్బాయి పనిలో చేరి నాలుగు రోజులే. మిషన్ దించిన రోజు నేను రెండు గంటలు కూర్చుని చెప్పింది ఓనరుకి. హోస్ పట్టేది ఓనరు కాదు కదా. ఈ సంగతి నాకు ఆ రోజు దాకా తట్టలేదు.

ఇకపై పిన్ను, తాడు లేకుండా కప్లింగ్ అమ్మను. ధరలో కలిపేశాను, తీసేసి తగ్గించమని అడగొద్దు.

రెండోది నాజిళ్లు. చైనా 2025 ఫిబ్రవరిలో టంగ్‌స్టన్ ఎగుమతులకు కళ్లెం వేసినప్పటి నుంచి టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసిన నాజిల్ నాకే ఎక్కువకు వస్తోంది, మీకూ పెంచక తప్పడం లేదు. అలాగని అరిగిపోయిన నాజిల్‌తోనే లాగించకండి. అక్కడ పోయే డబ్బు కనపడదు. 100 పీఎస్‌ఐ ప్రెషర్ దగ్గర 8 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నాజిల్‌కి నిమిషానికి సుమారు 137 ఘనపుటడుగుల (సీఎఫ్ఎం) గాలి కావాలి. అదే అరిగి 9.5 అయిందంటే 196 కావాలి. మీ కంప్రెసర్ అంత ఇవ్వలేదు, ప్రెషర్ పడిపోతుంది. ఒక్క పీఎస్‌ఐ తగ్గితే పని ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుందని ఈ పనిలో వాళ్ల లెక్క. పది తగ్గితే ఎంతో మీరే వేసుకోండి, డీజిల్ మాత్రం తగ్గదు. కొలవడానికి గేజ్ అక్కర్లేదు. 9.5 డ్రిల్ బిట్‌ని వెనక్కి తిప్పి 8 నాజిల్‌లో పెట్టి చూడండి, దూరిందంటే ఆ నాజిల్ పక్కన పెట్టేయండి. కింద పడేసినా లోపలి కార్బైడ్ పగులుతుంది. నాజిల్ వెనక వాషర్ అరిగితే గ్రిట్ హోల్డర్ మరలు తినేస్తుంది. చిన్న వాషర్ ఖర్చు చూసుకుని హోల్డర్ పోగొట్టుకున్న వాళ్లు మనలోనే ఉన్నారు.

ఇసుక సంగతి కొందరికి కోపం తెప్పిస్తుందని తెలుసు. స్వర్ణముఖి ఏటి ఇసుక జల్లించి పాట్‌లో, అంటే మిషన్‌కి గ్రిట్ నింపే ట్యాంకులో, పోసే వాళ్లకు ఇక మీదట పార్టులు ఇవ్వను, సర్వీసుకీ రాను. ఇసుక పగిలి లేచే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, దానికి మందు లేదు. ఇంగ్లండులో 1949లోనే బ్లాస్టింగ్‌కి ఇసుక వాడొద్దన్నారు. మన కార్మిక చట్టంలోనూ సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేసి తీరాల్సిన జబ్బుల పట్టికలో ఉంది. ఇసుకకు బదులు వాడే గార్నెట్ రాతి పొడి ఖరీదే, కానీ కింద టార్పాలిన్ పరిచి ఎత్తుకుని జల్లిస్తే మళ్లీ వాడొచ్చు. "హెల్మెట్ పెట్టుకుంటే ఊపిరాడదన్నా" అని ఆపరేటర్లు అంటారు. ఊపిరాడకపోవడానికి కారణం హెల్మెట్ కాదు, దానికి వెళ్లే గాలి ఫిల్టరు. నెలల తరబడి మార్చకపోతే ఎవరికైనా అంతే. ఫిల్టర్లు ఎప్పుడూ స్టాకులో ఉంటాయి, కొన్న ధరకే ఇస్తాను.

పాత గుడి స్తంభాలు తెల్లగా చేయాలని మిషన్ అద్దెకు అడిగే వాళ్లకు కూడా ఇదే మాట, ఇవ్వను. శాసనం మీద ఒక్కసారి గ్రిట్ తగిలితే అక్షరం తిరిగి రాదు.

స్టాకు విషయంలోనూ కొందరిని ఇబ్బంది పెట్టాను. విదేశీ పాట్ల వాల్వుల్లో ఉండే రబ్బరు పొరలు, అదే డయాఫ్రమ్‌లు, నా దగ్గర లేవు, తెప్పిస్తే మూడు వారాలు పడుతుంది. 'రేపు వస్తుంది' అని ఇన్నాళ్లు చెప్పినందుకు క్షమించండి. లేనిది లేదని ఫోన్‌లోనే చెప్పేస్తాను.

ఇక శిక్షణ. ప్రతి నెలా రెండో శనివారం, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, గాజులమండ్యం షెడ్‌లో. మిషన్‌కి ఇద్దరు రావచ్చు, ఫీజు లేదు, ఆ పూట కూలి మాత్రం మీరు కోయకూడదు. తెలుగు, తమిళం నేను చెబుతాను. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన వాళ్లకు మా సీనియర్ ఆపరేటర్ హిందీలో చెబుతాడు. కార్తీకం వానల్లో గాలిలో తడి చేరి గ్రిట్ గడ్డకడుతుంది, పాట్‌ని సుత్తితో బాదుతుంటారు. పొద్దున్నే కంప్రెసర్ ట్యాంకు నీళ్లు వదలడం, గాలిలో తడి పట్టే సెపరేటర్ విప్పి కడగడం చేత్తో చేయిస్తాం. కొత్తవాడు చేరిన ప్రతిసారీ మళ్లీ పంపండి.

వచ్చేటప్పుడు వాడుతున్న నాజిల్, హెల్మెట్ విప్పి తెమ్మనండి.