అమ్మ ఎముకల వైద్యంలో తోడు నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

అమ్మకు వెన్నుపూస నలిగితే బెల్టు, నొప్పి మాత్రలు రాసి పంపేయకుండా, "ఎముక ఎందుకు గుల్లబారిందో ముందు తేలాలి" అని ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చీటీ రాసిచ్చిన అనంతపురం సాయినగర్ ఎముకల డాక్టరుగారికి మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు. విరిగిన ఎముకను చూడాల్సింది ఆర్థోపెడిక్ డాక్టరే. థైరాయిడ్, పారాథైరాయిడ్ (రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే గ్రంథి), విటమిన్ డి లెక్కలు తేల్చేది ఎండోక్రైనాలజిస్టు. కీళ్లవాతానికి ఏళ్లతరబడి స్టెరాయిడ్ వాడినవాళ్లయితే రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) కలవాలి.

ఎండోక్రైనాలజిస్టు డాక్టరమ్మగారి మొదటి ప్రశ్న "ఏ నీళ్లు తాగుతారు?" అనే. మన జిల్లాలో ఈ ప్రశ్న అడిగే డాక్టరు దొరకడం అదృష్టం. ఏళ్లపాటు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగినవాళ్లకు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్నెముక సాంద్రత ఎక్కువగా కనబడుతుంది కానీ ఆ ఎముకకు బలం ఉండదు. అందుకే ముంజేతి ఎక్స్‌రే తీయించి, రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిందేమో చూశారు, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష రాశారు. నలిగిన పూసను లెక్కలోంచి తీసేసి, తుంటి స్కోరు కూడా చూశాకే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అని ఖాయం చేశారు. డెక్సా రిపోర్టులో ఉండే టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.5 గానీ అంతకన్నా కింద గానీ ఉంటే ఆ జబ్బు కిందే లెక్క. క్యాంపుల్లో మడమకు పెట్టి చూసే మిషన్‌తో వైద్యం మొదలుపెట్టకూడదు.

ఆ డాక్టరమ్మగారికి మేం మరీ రుణపడింది కిడ్నీ లెక్క విషయంలో. ఏడాదికోసారి ఎక్కించే ఎముకల మందు జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా. అప్పటికే అనుకుని ఉన్నారు. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.1, రిపోర్టులో నార్మల్ అనే ఉంది. కానీ 74 ఏళ్లు, 42 కిలోల ఆడమనిషికి ఆ అంకెతో లెక్కవేస్తే క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ వడపోసే వేగం) నిమిషానికి 30 మి.లీ. దగ్గరే వస్తుంది. 35 కంటే తక్కువైతే ఆ మందు ఎక్కించకూడదు. వయసు, బరువు చూడకుండా క్రియాటినిన్ ఒక్కటే చూసి సరేననుకునే చోటే పొరపాటు జరుగుతుంది. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు: రక్త పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువ, ఫాస్ఫరస్, విటమిన్ డి తక్కువ ఉంటే అది ఆస్టియోమలేషియా (ఎముకలు మెత్తబడే జబ్బు) కావచ్చు. డి నింపకుండా ఎముకల ఇంజెక్షన్ చేస్తే రక్తంలో కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే ముందు 60,000 యూనిట్ల డి వారానికొకటి చొప్పున 8 వారాలు ఇచ్చి, మళ్లీ పరీక్ష చేయించాకే, జోలెడ్రోనిక్ బదులు డెనోసుమాబ్ అనే ఎముకల ఇంజెక్షన్ 60 మి.గ్రా. మొదలుపెట్టారు. ఆ డి గుళికలు రోజూ మింగేసి కాల్షియం పెరిగి ఆసుపత్రి పాలయ్యేవాళ్లున్నారు, స్ట్రిప్పు మీద మింగాల్సిన రోజు పేరు రాసిపెట్టండి.

ల్యాబ్ తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. కాల్షియం రక్తానికి రబ్బరు పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే అంకె లేనిపోనిది పెరుగుతుంది. అతను నరం దొరకగానే పట్టీ వదిలేసి, పిడికిలి బిగించొద్దని చెప్పి తీశాడు. పారాథైరాయిడ్ హార్మోన్ రక్తాన్ని వెంటనే వేరుచేసి, చల్లగా ప్యాక్ చేసి బయటి ఊరి ల్యాబుకు పంపాడు. ఎముక ఎంత వేగంగా అరుగుతోందో చూపే సీటీఎక్స్ రక్త పరీక్షకు పొద్దున్నే పరగడుపున రమ్మన్నాడు. జుట్టుకు, గోళ్లకు వాడే బయోటిన్ మాత్రలు ముందే ఆపించాడు, అవి హార్మోన్ రిపోర్టులను తారుమారు చేస్తాయి. కాల్షియం అంకెను సరిచేసి చూడటానికి ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) కూడా చేయించమన్నదీ అతనే. కాల్షియం 8.4, ఆల్బుమిన్ 3.2 ఉంటే, 4 నుంచి 3.2 తీసేసి 0.8తో హెచ్చవేసి కలిపితే సరిచేసిన కాల్షియం 9.0 అవుతుంది. తక్కువుందని కంగారుపడాల్సిన పని లేదు.

మెడికల్ షాపు అన్నకు దండాలు. డెనోసుమాబ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసు పెట్టెలో పెట్టి చేతికిచ్చాడు, తర్వాతి డోసు తేదీ క్యాలెండరులో రాయించాడు. ఈ మందు 6 నెలలకోసారి తప్పనిసరి. ఆలస్యమైతే ఎముక అరుగుదల ఒక్కసారిగా పెరిగి వెన్నుపూసలు వరుసగా విరగొచ్చు. ఆపాలనుకుంటే దాని బదులు వేరే మందు ఇవ్వాలి, కాబట్టి డాక్టరును అడగకుండా ఆపొద్దు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు మొదటి డోసు వేశాక 10–14 రోజుల్లో కాల్షియం చూపించాలి. పళ్లు పీకించే పని ఉంటే ఇంజెక్షన్‌కు ముందే కానిచ్చేయాలి. డెక్సా మళ్లీ ఏడాదికో రెండేళ్లకో చేయించేటప్పుడు మొదటిసారి చేసిన మిషన్ ఉన్న సెంటరుకే వెళ్లండి, మిషన్ మారితే రెండు అంకెలనూ పోల్చలేం.