పులికాట్‌లో పక్షుల్ని ఎగరగొట్టి తీసే ఫోటోల గురించి అటవీ శాఖ మంత్రి గారికి

మంత్రి గారూ, నమస్కారం.

నాది నాయుడుపేట. చలికాలం వస్తే నా ఆదివారాలన్నీ పులికాట్ సరస్సు దగ్గరే. పక్షుల ఫోటోలు తీస్తాను, 600 ఎంఎం లెన్సుకి ఈఎంఐ ఇంకా నడుస్తూనే ఉంది. మీ దగ్గరకి పెద్ద అర్జీతో రావడం లేదు, అడిగేది చిన్నదే, కాకపోతే ముందు జరిగింది చెప్పాలి.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది కదా, జనవరిలో ఒక రోజు పొద్దున ఆరున్నరకి ఆ రోడ్డు వారన బోర్లా పడుకుని ఉన్నాను. ఎదురుగా రెండు వందల దాకా ఫ్లెమింగోలు, ముక్కు తలకిందులుగా నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద తొక్కుకుంటూ ఇటు నుంచి అటు జల్లెడ పడుతున్నాయి. వెనక షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) బస్సులు పోతున్నా వాటికి పట్టదు. బండి ఆగి మనిషి దిగాడంటేనే వాటికి టెన్షన్. సరిగ్గా అప్పుడే ఒక కారు ఆగింది, నలుగురు దిగారు, వాళ్ల దగ్గర నా దానికంటే మంచి కెమెరాలు. ఒకాయన డ్రోన్ లేపాడు. అది రోడ్డు దాటకముందే మెడలన్నీ ఒక్కసారి నిలువుగా లేచాయి, ఆ వెంటనే పరుగు. ఫ్లెమింగో నిలబడ్డ చోటు నుంచి అలా లేచిపోలేదండీ, నీళ్ల మీద కొంత దూరం పరిగెత్తాలి. "వచ్చింది రా, సూపర్!" అని కేక. అయిదు నిమిషాల్లో కారు వెళ్లిపోయింది. గుంపు మాత్రం నేను లేచొచ్చిన తొమ్మిదిన్నర దాకా వెనక్కి రాలేదు.

ఎందుకు ఎగరగొడతారంటే, నిలబడ్డ ఫ్లెమింగో తెల్లగా, కాస్త గులాబీగా కనిపిస్తుంది, అంతే. రెక్క విప్పితేనే ఆ ఎరుపు, నలుపు బయటపడతాయి, లైకులన్నీ దానికే. నేనేం సుద్దపూసని కాదు. కొత్తలో ఒకసారి చప్పట్లు కొట్టి మరీ తీశాను, ఆ ఫోటో ఫ్రేమ్ కట్టించుకుని హాల్లో పెట్టుకున్నాను కూడా. ఇప్పుడది అటక మీద ఉంది.

నేలపట్టు పక్షుల కేంద్రంలో అయితే ఇది ఇంకా ప్రమాదం. అక్కడ నీటికడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి, చేపల కోసం పులికాట్ దాకా వెళ్లి వచ్చి పిల్లలకి పెడతాయి. గూటి దగ్గర అలికిడికి తల్లి లేచిందంటే, గుడ్డుకి కాకి కాచుకునే ఉంటుంది, ఒంటిమీద ఇంకా ఈకలైనా రాని పిల్లకి నెత్తిన ఎండ.

చట్టం లేక కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకి ఇచ్చిన నిర్వచనం మీ అధికారులకి తెలిసే ఉంటుంది. చంపడం ఒక్కటే వేట కాదు, తరమడం కూడా అందులో ఉంది, పక్షుల గూళ్లని, గుడ్లని కదిలించడమూ ఉంది. తుపాకీ పట్టుకుని వచ్చినవాణ్ణి ఎవరైనా ఆపుతారు, డ్రోన్ పట్టుకొచ్చినవాడికి "బాగా వచ్చిందా సార్" అంటున్నాం.

కేసులు పెట్టమని నేను అనడం లేదు (ఒకటో రెండో పెడితే మాత్రం సంతోషమే). ఎక్కువమంది తెలియక చేస్తున్నారు, వాళ్లకి కూర్చోవడానికి చోటు కూడా లేదు. రోడ్డు వారన పక్షులు దగ్గరకి వచ్చే నాలుగైదు చోట్ల తాటాకు తడికలు నిలబెట్టించండి, లెన్సు పట్టేంత కన్నాలు ఒకటి నిలబడ్డవాడి ఎత్తున, ఒకటి కూర్చున్నవాడి ఎత్తున. మనిషి కనపడకపోతే పక్షే దగ్గరకి వస్తుంది. ఆ తడికల దగ్గర కాపలాకి సరస్సులో చేపలు పట్టుకునే ఊళ్ల కుర్రాళ్లని పెట్టండి. ఏ గుంపు ఏ పూట ఎక్కడ మేస్తుందో నాకు నేర్పింది వాళ్లే, నేను పుస్తకాల్లో చదివింది తక్కువ. ఇంకొకటి, ఫ్లెమింగో ఫెస్టివల్ పోస్టర్ల మీద ఆ ఎగిరే గుంపు ఫోటో ఈసారికి వద్దు. దాన్ని చూసే కదా జనం అలాంటిదే కావాలని వస్తున్నారు. మేత మేస్తున్న పక్షి ఫోటోలు కావాలంటే నా దగ్గర బోలెడున్నాయి, ఊరికే ఇస్తాను.

తడికలు ఎక్కడ కట్టాలో మీరే స్వయంగా చూస్తానంటే ఇంకా మంచిది. కాకపోతే కాన్వాయ్ సూళ్లూరుపేటలో ఆపేసి, సైరన్ లేకుండా ఒక్క బండిలో, ఆరున్నర లోపు రండి. ఫ్లాస్కులో టీ నేను తెస్తాను.

ఇట్లు,
నాయుడుపేట నుంచి ఒక ఫోటోల పిచ్చోడు